పని ఇక్కడ, ఇల్లు ఎక్కడ?

"స్థానికుడు" అనే మాటకు అర్థం చెప్పమంటే ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. ఒక చోట ఉండేవాడు ఆ చోటికి స్థానికుడు. ఇందులో చర్చించవలసింది ఏముందనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. కాని ఒక మనిషి వారానికి ఆరు రోజులు, తెల్లవారకముందు నించి చీకటి పడేదాకా ఒక ఊళ్లో ఉండి, అక్కడి ముసలివాళ్లకు స్నానం చేయించి, అక్కడి పిల్లలకు అన్నం పెట్టి, అక్కడి ఆఫీసుల నేల తుడిచి, నిద్రపోవటానికి మాత్రం డెబ్భై కిలోమీటర్ల అవతలికి పోయేట్టయితే, ఆ మనిషి ఏ ఊరికి స్థానికుడు? చట్టం దీనికి సందేహం లేకుండా జవాబు చెబుతుంది: నిద్రపోయే చోటుకు. వోటు అక్కడే, పిల్లల బడి అక్కడే, మాట చెల్లేది అక్కడే. చెమటోడ్చిన చోట ఆ మనిషి వచ్చిపోయే మనిషి మాత్రమే. చట్టం చెప్పే ఈ జవాబు న్యాయమైనదేనా అన్నదే నేనిక్కడ ఆలోచించదలచిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో తగల్లేదు, ఇంట్లో తగిలింది. అంచేత ముందు నేనుండే చోటును గురించి చెప్పాలి.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పడమటి వైపున, పోటోమాక్ నదికి ఇవతల, వర్జీనియా రాష్ట్రంలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ ఉంది. కౌంటీని మన జిల్లాతో పోల్చవచ్చుగాని పోలిక పూర్తిగా కుదరదు. మన జిల్లాకు కలెక్టరు ఉంటాడు. ఈ కౌంటీకి ప్రజలెన్నుకున్న పాలకమండలి ఉంటుంది. ఆ మండలే ఇళ్ల మీద పన్ను వేస్తుంది, బడులకు డబ్బిస్తుంది, ఏ భూమిలో ఏది కట్టవచ్చునో, ఏది కట్టకూడదో నిర్ణయిస్తుంది. 1950లో ఈ కౌంటీ జనాభా దాదాపు 98 వేలు. పాడి పశువులూ, పచ్చిక బయళ్లూ ఉన్న పల్లెటూరి ప్రాంతం. 2020 జనాభా లెక్కల ప్రకారం 11 లక్షల 50 వేలు. ఇందులో టైసన్స్ అనే చోటు ఒకప్పుడు నాలుగు రోడ్ల కూడలి. 1968లో అక్కడ పెద్ద అంగడి సముదాయం వెలిసింది. తరవాత ఆఫీసులు వచ్చాయి. 2010 నాటికి అక్కడ లక్షకు పైగా ఉద్యోగాలున్నాయి. నివాసం ఉన్నవాళ్లు మాత్రం దాదాపు 20 వేలు. అంటే ప్రతి ఉదయం ఒక పట్టణం పుట్టి, ప్రతి సాయంత్రం చచ్చిపోతుందన్నమాట. పుట్టి చచ్చే ఆ పట్టణాన్ని రోడ్లు మోస్తున్నాయి.

ఇది ఎవరో తెలివితక్కువగా చేసిన పని అనుకోకూడదు. దీనిలో ఒక లెక్క ఉంది. కౌంటీ సాధారణ ఆదాయంలో సగానికి పైగా భూమీ, భవనాల మీది పన్ను నించే వస్తుంది. ఖర్చులో సగానికి పైగా బడులకే పోతుంది. ఆఫీసు భవనం పన్ను కడుతుంది, పిల్లల్ని కనదు. సంసారం ఉన్న ఇల్లు పన్ను కొంచెం కడుతుంది, పిల్లల్ని బడికి పంపుతుంది. అందులోనూ చిన్న ఇల్లు తక్కువ పన్ను కడుతుంది. కనక లెక్కలు వేసేవాడి దృష్టిలో ఆఫీసు లాభం, పెద్ద ఇల్లు ఫరవాలేదు, చిన్న ఇల్లు నష్టం. ఉద్యోగాన్ని ఆహ్వానించి ఉద్యోగిని పొరుగు కౌంటీకి తోసెయ్యటం ఈ లెక్క ప్రకారం మంచి పరిపాలన. పొరుగు కౌంటీ కూడా ఇదే లెక్క వేస్తే అతను ఇంకో కౌంటీ అవతలికి పోతాడు. దూరం పెరుగుతుంది. కాని ఆ దూరం ఏ కౌంటీ బడ్జెట్టులోనూ కనపడదు. దాన్ని కూలివాడు తన నిద్రలోనించి చెల్లిస్తాడు.

ఈ లెక్కకు చట్టరూపం జోనింగు. ఇళ్లకు కేటాయించిన భూమిలో ఎక్కువ భాగాన ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క విడి ఇల్లు తప్ప మరొకటి కట్టరాదన్న నిబంధన అది. ఈ నిబంధనకు వెనక ఒక చరిత్ర ఉంది. తెల్లవాళ్ల వీధుల్లో నల్లవాళ్లు ఉండకూడదని కొన్ని నగరాలు శాసనాలు చేస్తే 1917లో అమెరికా సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. 1926లో అదే కోర్టు, ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే గ్రామం కేసులో, భూమిని ఉపయోగాలను బట్టి విభజించే జోనింగును సమర్థించింది. విడి ఇళ్ల పేటలో లేచిన అపార్టుమెంటును ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చింది. మనిషి రంగును బట్టి విభజించటం తప్పన్న న్యాయస్థానం ఇంటి పరిమాణాన్ని బట్టి విభజించటం ఒప్పు అన్నది. ఇంటి పరిమాణం దేన్ని బట్టి ఉంటుంది? జేబును బట్టి. ఆ దేశంలో ఎవరి జేబు ఖాళీగా ఉంచబడిందో వేరే చెప్పనక్కర లేదు.

జోనింగంతా దుర్మార్గమని నా వాదం కాదు. 1982లో ఈ కౌంటీ, మంచినీళ్లిచ్చే ఆకోక్వాన్ జలాశయాన్ని కాపాడటానికి సుమారు 41 వేల ఎకరాల్లో ఒక్కొక్క ఇంటికి 5 ఎకరాల చొప్పున ఉండాలని నిబంధన పెట్టింది. నీళ్లు అందరూ తాగేవే. అందరి మేలు కోసం కొందరి హక్కును తగ్గించటం అన్యాయం కాదు. కొందరి మేలు కోసం, అందరి పేరు చెప్పి, ఇంకా రానివాళ్ల దారి మూసెయ్యటం అన్యాయం. ఈ రెంటికీ తేడా ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. చెరువు పేరు చెప్పి గోడ కట్టేవాళ్లుంటారు. అయినా తేడా ఉంది.

ఇక నా సంగతి. నేను 1999లో ఈ కౌంటీలోని హెర్న్‌డన్‌కు వచ్చాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయం ప్రపంచానికి ఉన్న రోజులవి. ఆ భయం మాబోటి తెలుగు కుర్రాళ్లకు జీతమయింది. రెండు గదుల అపార్టుమెంటులో నలుగురం ఉండేవాళ్లం. మూలన బియ్యం బస్తా, స్టవ్ మీద పప్పు కుక్కరు, నలుగురికీ కలిపి ఒక పాత కారు. ఆఫీసు పదిహేను నిమిషాల దూరం. ఆ అపార్టుమెంటును ఎవరో ఎప్పుడో కట్టనిచ్చారు కనకనే నేను అక్కడ ఉండగలిగానన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. కౌంటీవాళ్లు గర్వంగా చెప్పుకునే "ఉద్యోగాల పెరుగుదల" అన్న అంకెలో నేనొక అంకెను. ఏళ్ల తరబడి పన్నులు కట్టాను. పౌరసత్వం లేదు కనక వోటు లేదు. నన్ను గురించిన నిర్ణయాలు నన్నడక్కుండా జరుగుతున్నాయని అప్పట్లో మా నలుగురం రాత్రిళ్లు తెగ వాపోయేవాళ్లం.

తరవాత పెళ్లి, పిల్లలు, గ్రీన్‌కార్డు, విడి ఇల్లు, పౌరసత్వం. మాకు కొంచెం దూరంలో ఖాళీపడ్డ ఒక పాత ఆఫీసు భవనం ఉండేది. 2021లో దాన్ని పడగొట్టి అపార్టుమెంట్లు కడతామని ఒకరు దరఖాస్తు పెట్టారు. అందులో కొన్ని తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు. మా పేటలో కలకలం పుట్టింది. బడి కిక్కిరిసిపోతుంది, రోడ్డు ఆగిపోతుంది, పేట స్వభావం మారిపోతుంది అని ఒక విజ్ఞప్తి తయారయింది. పొరుగాయన కాగితం పట్టుకుని తలుపు తట్టాడు. మంచి మనిషి. మంచు పడితే మా వాకిలి కూడా తనే ఊడ్చేవాడు. నేను సంతకం పెట్టాను. పెట్టేముందు ఆలోచించలేదని అబద్ధం చెప్పను. ఆలోచించాను. ఇంటి ధర ఏమవుతుందో ఆలోచించాను.

ఆ రోజుల్లో మా అమ్మ మా దగ్గరే ఉండేది. ఒక కాలూ చెయ్యీ స్వాధీనంలో లేవు. ఆమెను చూసుకోవటానికి ఒకావిడ వచ్చేది. సాల్వడార్ దేశస్థురాలు. ఉండటం దక్షిణాన ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఇద్దరూ రోజంతా మాట్లాడుకునేవాళ్లు.

2022 జనవరి 3న మంచు విరుచుకుపడింది. ఆవిడ మధ్యాహ్నమే బయలుదేరింది. ఆ రాత్రి 95వ నంబరు రహదారి మీద కిలోమీటర్ల పొడవున వాహనాలు చిక్కుకుపోయిన సంగతి ప్రపంచమంతా చదివింది. వర్జీనియా సెనేటరు టిమ్ కెయిన్ కూడా వాషింగ్టన్ వస్తూ ఆ రోడ్డు మీద 27 గంటలు గడిపాడు. ఎదురు దిశలో మా ఇంటి మనిషి కూడా చిక్కుకుపోయింది. పెట్రోలు అయిపోతుందన్న భయంతో హీటరు కాసేపు వేస్తూ, కాసేపు ఆపుతూ కూచున్నదట. ఆ కారులోనించి ఆవిడ మాకు ఫోను చేసి చెప్పిన మాట: రేపు రాలేను, క్షమించండి.

అమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత అడిగింది: "మనకి చేసే మనిషికి మన ఊళ్లో ఇల్లు లేదట్రా?"

లేదని చెప్పాను. ఎందుకు లేదని అడిగింది. అద్దెలెక్కువని చెప్పాను. ఎందుకెక్కువని అడిగింది. ఇళ్లు తక్కువ అన్నాను. మరి కట్టరేమని అడిగింది. నేను లేచి వెళ్లిపోయాను.

ఆ విజ్ఞప్తి ఫలించింది. తక్కువ అద్దె ఇళ్ల ఊసు లేకుండా, ఇళ్ల సంఖ్య బాగా తగ్గించి వేరే దరఖాస్తు పెట్టారు, అది సాగింది. ఆ అపార్టుమెంట్లే కట్టి ఉంటే అందులో ఆవిడకు ఇల్లు దొరికి ఉండేదని నేననను. అలాంటి ఇళ్లు పిడికెడు, అడిగేవాళ్లు వేలు. కాని దొరకకుండా చేసినవాళ్లలో నేనొకణ్ణి. ఈ రెండు మాటలూ నిజమే. మొదటి మాట చెప్పుకుని రెండోదాన్ని మరిచిపోవటం మా పేటలో అందరం చేసే పని.

అమ్మ ప్రశ్నలో ఒక అమాయకత్వం ఉంది. దాన్ని కూడా పరీక్షించాలి. తెనాలి తాలూకాలో మా ఊళ్లో పనిచేసేవాళ్లు దూరాన్నించి వచ్చేవాళ్లు కారు. పాలేరు గొడ్లచావిట్లోనే పడుకునేవాడు. నాట్లకూ కోతలకూ వచ్చేవాళ్లు పిలిస్తే పలికే దూరంలో ఉండేవాళ్లు. అయితే ఎక్కడ? ఊరి బయట, పల్లెలో. బావి వేరు, శ్మశానం వేరు. పని దగ్గరే, ఇల్లూ దగ్గరే, అయినా వాళ్లు ఊళ్లోవాళ్లు కారు. అంచేత పనికీ ఇంటికీ మధ్య దూరం తగ్గితే న్యాయం జరిగిపోయినట్టు కాదు. దగ్గిరగా ఉంచుకోవటం ఒకటి, పొరుగువాడుగా ఒప్పుకోవటం మరొకటి. మా పల్లెటూరు మొదటిది చేసింది, రెండోది చెయ్యలేదు. అమెరికా శివారు కౌంటీ మొదటిది కూడా చెయ్యటం లేదు.

దగ్గిరగా ఉంచుకోవటంలో ఉన్న ప్రమాదాన్ని ఎంగెల్స్ 1872లోనే చెప్పాడు. గృహసమస్య మీద రాసిన వ్యాసాల్లో ఆయన ఎత్తిచూపిన విషయం ఇది: యజమాని కట్టించిన ఇంట్లోనో, ఫ్యాక్టరీ పక్కన అప్పుతో కొన్న సొంత ఇంట్లోనో చిక్కుకున్న కార్మికుడు కదలలేడు, కదలలేనివాడు కూలి తగ్గిస్తామంటే ఎదురు చెప్పలేడు. ఇల్లు కూడా సంకెల కావచ్చు. కాబట్టి "ఉద్యోగాలకు తగినన్ని ఇళ్లు" అన్న నినాదం వినగానే మురిసిపోనక్కర లేదు. ఇల్లు ఎవరి కోసమని అడగాలి. యజమానికి పనివాడు వేళకు అందటం కోసమా? మనిషి మనిషిగా బతకటం కోసమా?

ఈ కౌంటీలో వాడే మాట "వర్క్‌ఫోర్స్ హౌసింగ్." అంటే శ్రామికబలానికి గృహవసతి. ఆ మాటలోనే కిటుకుంది. మనిషికి కాదు, బలానికి వసతి. ఎద్దుకు కొట్టం వేసినట్టు. టీచరుకూ, పోలీసుకూ, నర్సుకూ ఇల్లు కావాలంటే సభలో అందరూ తలలూపుతారు. వాళ్లు మనకు పనికొస్తారు. పని చెయ్యలేని వికలాంగుడికీ, పని పోయినవాడికీ, ముసలివాడికీ అంటే తలలు ఊగవు. "పేదలకు ఇళ్లు" అంటే వ్యతిరేకించేవాళ్లను "పనివాళ్లకు ఇళ్లు" అని ఒప్పించవచ్చునని పెద్దలు ఈ మాట కనిపెట్టారు. ఉపాయం మంచిదే కావచ్చు. కాని ఉపాయాన్ని సిద్ధాంతమనుకోకూడదు.

ఆ మాట వెనక ఉన్న అంకెలు చూడండి. అద్దె ఆదాయంలో 30 శాతం మించకూడదన్నది అక్కడ సాధారణంగా పాటించే కొలత. 2024లో వాషింగ్టన్ ప్రాంతంలో నలుగురున్న కుటుంబానికి లెక్కకట్టిన మధ్యస్థ ఆదాయం సంవత్సరానికి 1,54,700 డాలర్లు. అందులో 60 శాతం వచ్చే కుటుంబం కోసమని ఇల్లు కడితే దాని అద్దె నెలకు 2,300 డాలర్ల దాకా ఉండవచ్చు. 2025లో వర్జీనియాలో కనీస వేతనం గంటకు 12 డాలర్ల 41 సెంట్లు. వారానికి 40 గంటలు, ఏడాదిలో ఒక్క వారం మానకుండా పనిచేస్తే వచ్చేది 25,800 డాలర్లు. ఆ మనిషి భరించగల అద్దె నెలకు 645 డాలర్లు. మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య ఉన్న అగాధంలోనే 95వ నంబరు రహదారి ఉంది.

ఇక ఎదుటి వాదాలు. వాటిని తోసెయ్యటానికి నాకు హక్కు లేదు, ఎందుకంటే అవన్నీ ఒకప్పుడు నావే.

"ఎవరూ బలవంతం చెయ్యలేదు. దూరమైతే దగ్గర పని చూసుకోవచ్చు గదా?" ఒక మనిషి విషయంలో ఈ మాట నిజం కావచ్చు. ఆవిడ మానేస్తే మానెయ్యవచ్చు. కాని అప్పుడు మా అమ్మకు స్నానం ఎవరు చేయిస్తారు? మరొకరు, మరో దూరాన్నించి. ఒక్కొక్కరికీ మానుకునే స్వేచ్ఛ ఉంది. అందరూ మానుకుంటే మాత్రం ఊరు ఒక్కరోజు నడవదు. అందరూ కలిసి వాడుకోలేని స్వేచ్ఛను ఒక్కొక్కరికీ చూపించి, చూశావా నీకు స్వేచ్ఛ ఉందంటే అది వాదం కాదు, గారడీ.

"మేము కష్టపడి సంపాదించి కొనుక్కున్నాం." నేనూ కొనుక్కున్నాను. కాని నా ఇంటి ధర ఇన్నేళ్లలో పెరిగిందంటే నేను దానికి ఒక ఇటుక చేర్చలేదు. ఊరికి ఉద్యోగాలొచ్చాయి, 2014లో టైసన్స్ మీదుగా మెట్రో రైలు వచ్చింది, జనం పెరిగారు, ఇళ్లు పెరగలేదు. 1879లో హెన్రీ జార్జి అనే అమెరికను ఆర్థికవేత్త ఈ సంగతే చెప్పాడు: సమాజం చేసిన అభివృద్ధి భూస్వామి చేతిలో ధరగా తేలుతుంది. ఆ సమాజంలో ఆవిడ ఉంది. మా అమ్మను ఆవిడ చూసుకున్న గంటల్లో నేను ఆఫీసులో ఉన్నాను. ఆఫీసులుండటం వల్ల నా ఇంటి ధర పెరిగింది. నా ఇంటి ధరను పెంచినవాళ్లలో ఆవిడ ఒకతె. ఆ ధర వల్లనే ఆవిడకు ఈ ఊళ్లో చోటు లేకుండా పోయింది. తన్ను బయటికి నెట్టే గోడకు తనే రాళ్లు మోసింది. పరాన్నజీవి ఎవరో యూక్లిడ్ తీర్పు రాసినవాళ్లు మరొకసారి ఆలోచించి ఉండవలసింది.

"బడులు కిక్కిరిసిపోతాయి, పిల్లల చదువు పాడవుతుంది." ఈ భయం తల్లిదండ్రులది, ఎగతాళి చెయ్యరాదు. కాని దీనికి అనుభవం ఒక జవాబు చెప్పింది. నదికి అవతల మేరీల్యాండ్‌లో మాంట్‌గొమెరీ కౌంటీ ఉంది. అది కూడా సంపన్నుల శివారే. 1973లో అక్కడ ఒక శాసనం చేశారు. పెద్ద ఎత్తున ఇళ్లు కట్టేవాడు కొంత శాతం ఇళ్లను ఓ మాదిరి ఆదాయం ఉన్నవాళ్లకు అందే ధరకు ఇవ్వాలి. బదులుగా మరికొన్ని ఇళ్లు ఎక్కువ కట్టుకోవచ్చు. ఆ ఇళ్లలో మూడోవంతు దాకా కౌంటీ గృహసంస్థ కొని బాగా పేదవాళ్లకు అద్దెకిచ్చే వీలు కూడా ఉంది. అలా సంపన్నుల పేటల బడులకు చేరిన పేదపిల్లల చదువును హీథర్ ష్వార్ట్జ్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించింది. ప్రాథమిక పాఠశాల ముగిసేసరికి లెక్కల్లో ఆ పిల్లలకూ కలిగినవాళ్ల పిల్లలకూ ఉన్న తేడా సగానికి తగ్గింది. ఆ కౌంటీ బడులకు ఉన్న మంచిపేరూ పోలేదు.

ఆ శాసనానికి లోపాలు లేకపోలేదు. మొదట్లో ధర మీద అదుపు అయిదేళ్లే ఉండేది. అయిదేళ్లు కాగానే చవక ఇల్లు మామూలు సరుకయి మార్కెట్లో కలిసిపోయింది. తరవాత గడువు పెంచుకుంటూ వచ్చారు. న్యాయానికి గడువు పెడితే ఏమవుతుందో దీన్నిబట్టి నేర్చుకోవచ్చు.

ఫెయిర్‌ఫాక్స్ ఈ పని ఇంకా ముందే తలపెట్టింది. 50 ఇళ్లకు తక్కువ కాకుండా కట్టేవాళ్లు 15 శాతం ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకివ్వాలని 1971లోనే శాసనం చేసింది. 1973లో వర్జీనియా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పరిహారం ఇవ్వకుండా ఆస్తి లాక్కోవటమే అవుతుందన్నది. పైగా వర్జీనియాలో కౌంటీకి రాష్ట్రం ఇచ్చిన అధికారాలు తప్ప సొంత అధికారాలు లేవు. 1990లో గాని మళ్లీ శాసనం రాలేదు. దాదాపు ఇరవయ్యేళ్లు. ఆ ఇరవయ్యేళ్లలోనే ఆఫీసులు లేచాయి. ఆఫీసు కట్టుకోవటానికి ఆస్తిహక్కు అడ్డం రాలేదు; పనివాడికి చోటివ్వటానికి అడ్డం వచ్చింది. 2007లో పెద్ద భవనాలకు వర్తించే వర్క్‌ఫోర్స్ విధానం వచ్చింది. 2021లో అద్దె ఇళ్ల విషయంలో దాని ఆదాయపు మెట్లు కిందికి దించారు. టైసన్స్ కోసం 2010లో తయారుచేసిన ప్రణాళికలో ఒక ముఖ్యమైన మాట ఉంది: కొత్త ఆఫీసు కట్టేవాడు చదరపు అడుగుకు 3 డాలర్ల వంతున ఇళ్ల నిధికి ఇవ్వాలి. మొత్తం చిన్నది. కాని ఉద్యోగం తెచ్చినవాడు ఇంటికి బాకీపడతాడన్న సూత్రాన్ని ఆ మూడు డాలర్లు ఒప్పుకుంటున్నాయి. నాకు ఆ ఒప్పుకోలు డబ్బు కన్న విలువైనది. 2019లో వాషింగ్టన్ ప్రాంతపు ప్రభుత్వాలన్నీ కలిసి 2030 నాటికి 3 లక్షల 20 వేల ఇళ్లు కావాలనీ, వాటిలో కనీసం నాలుగింట మూడువంతులు తక్కువ, మధ్య ఆదాయాల వాళ్లకు అందుబాటులో ఉండాలనీ లక్ష్యం పెట్టుకున్నాయి. 2034 నాటికి 10 వేల ఇళ్లన్నది 2022లో ఫెయిర్‌ఫాక్స్ తన వంతుగా పెట్టుకున్న లక్ష్యం.

పెట్టుబడిదారీ సమాజం ఉన్నంతకాలం గృహసమస్య పరిష్కారం కాదని ఎంగెల్స్ అన్నాడు గదా, ఈ అతుకుల వల్ల ప్రయోజనమేమిటని అభ్యుదయవాద మిత్రులు కొందరు అడుగుతారు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కాని ఆ మాటను అడ్డం పెట్టుకుని మా పేటలో సంతకం పెట్టేవాడికీ, ఇంటి ధర కోసం సంతకం పెట్టేవాడికీ ఫలితంలో తేడా ఏమీ లేదు. రెండు సంతకాలూ ఒకే కాగితం మీద ఉంటాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. అసలు చిక్కు డబ్బులో కన్న వోటులో ఉంది. ఎక్కడ ఏమి కట్టాలన్నది పాలకమండలి నిర్ణయిస్తుంది. మండలిని ఎన్నుకునేది ఉన్నవాళ్లు. ఇళ్లు కట్టకపోవటం వల్ల రాలేకపోయినవాళ్లు ఆ వోటర్లలో ఉండరు. ఎందుకుండరు? ఇళ్లు కట్టలేదు కనక. ఇళ్లు ఎందుకు కట్టలేదు? వాళ్లు వోటర్లలో లేరు కనక. గుండ్రంగా తిరిగే ఈ న్యాయాన్ని మేము స్థానిక ప్రజాస్వామ్యం అంటాం. వోట్లు సక్రమంగానే లెక్కపెడతారు, సభలు బహిరంగంగానే జరుగుతాయి, ఎవరైనా మాట్లాడవచ్చు. ఒక్క దోషం కనిపించదు. తలుపు దగ్గిర నిలబడి ఎవర్ని రానివ్వాలో లోపలివాళ్లు వోటు వేసుకుంటున్నారు, అంతే. మా నలుగురం హెర్న్‌డన్ అపార్టుమెంటులో వాపోయింది ఈ అన్యాయాన్ని గురించే. లోపలికి రాగానే దాన్ని నేను హక్కు అనటం మొదలుపెట్టాను.

కాబట్టి నా జవాబు ఇది. ఒకరి శ్రమను రోజూ తీసుకునే సమాజం ఆ మనిషికి కూలి ఇచ్చి చెయ్యి దులుపుకోలేదు. కూలి శ్రమకు ధర. శ్రమతోబాటు మనిషి కూడా వస్తాడు. అతనికి పడక కావాలి, పిల్లల బడి కావాలి, పొరుగు కావాలి, తన్ను గురించిన నిర్ణయంలో నోరు కావాలి. ఉద్యోగాన్ని పిలిచినవాడు వీటిని కూడా పిలిచినట్టే. పిలిచి, గుమ్మం దాటనివ్వకపోవటం మర్యాదలోపం మాత్రమే కాదు, దొంగతనం. ఆ మనిషి రోజులో మూడు, నాలుగు గంటలు మేము దొంగిలిస్తున్నాం. ఆ గంటలకు ఎవరూ కూలి ఇవ్వరు.

అమ్మ 2023లో పోయింది. ఆవిడ వచ్చి కాసేపు కూచుని వెళ్లింది, అంత దూరాన్నించీ. ఇప్పుడు మరో ఇంటికి పనికి పోతున్నది. అదీ ఈ కౌంటీలోనే. ఇల్లు మాత్రం అక్కడే.

మొన్న మా ప్రాంతంలో మరొక అపార్టుమెంటు దరఖాస్తు సభకు వచ్చింది. మాట్లాడదలచినవాళ్లకు తలా మూడు నిమిషాలిస్తారు. నేను వెళ్లి పేరిచ్చాను. మా పొరుగాయన కూడా వచ్చాడు, వ్యతిరేకించటానికి. మూడు నిమిషాల్లో సిద్ధాంతం చెప్పటం సాధ్యం కాదు. 2021 నాటి విజ్ఞప్తిలో నా సంతకం ఉందనీ, అది తప్పనీ, మా అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయిందనీ చెప్పి కూచున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిర్ణయం వాయిదా పడింది. ఇంటికి వచ్చేటప్పుడు పొరుగాయన నా కారులోనే వచ్చాడు. దారిలో చాలాసేపటికి, "ఆమె ఎంత దూరాన్నించి వచ్చేదన్నావు?" అని అడిగాడు.

చెప్పాను.